గంగమ్మ ఒడిలో మా కోడలి పరీక్ష

"అత్తయ్యా, కార్తీకమాసంలో గంగాస్నానం చేయిస్తాను. పది రోజులు నాతో ఋషీకేశ్ వస్తారా?" అని ఢిల్లీ నుంచి మా కోడలు ఫోన్ చేస్తే, పొంగిపోయి సరేననేశాను. కోడలు పిల్ల తీర్థయాత్రకి తీసుకెళ్తానంటే వద్దనే అత్తగారు ఎక్కడైనా ఉంటుందా చెప్పండి! సున్నుండలు, వేరుశనగ ఉండలు చేసి డబ్బాలకెత్తుకుని మరీ బయల్దేరాను.

అసలు సంగతి ఢిల్లీలో రైలు దిగాక బయటపడింది. ఆ అమ్మాయి వెళ్తున్నది స్నానానికి కాదు, పరీక్షకి. కాగితాల మీద రాసే పరీక్ష కాదు సుమండీ! కొండల మధ్య నురగలు కక్కుతూ ఉరికే గంగలో, ఒక్క మనిషి మాత్రమే పట్టే చిన్న పడవలో కూర్చుని, రెండు వైపులా తెడ్డు వేసుకుంటూ దిగే పరీక్ష. ఆ పడవని కయాక్ అంటారట. పడవ నడపడం ఎంతవరకూ వచ్చు, ఆపదలో తనని తాను ఎలా కాపాడుకుంటుంది, పక్కవాళ్ళని ఎలా కాపాడుతుంది, ఇవన్నీ చూసి సర్టిఫికెట్ ఇస్తారు. రెండేళ్ళ నుంచీ నేర్చుకుంటోందట. నాకు చెప్పలేదు. "చెప్తే వద్దంటారని..." అని నసిగింది. మావాడు ఆఫీసు పని మీద బెంగుళూరు వెళ్ళాడు కాబట్టి తోడుకి నేను!

చెప్పొద్దూ, నాకు కోపం వచ్చింది. కోపం కంటే భయం ఎక్కువ వేసింది.

నేను గోదావరి ఒడ్డున పుట్టినదాన్నే. కానీ ఈత రాదు. మా అన్నయ్యలకి ఈత నేర్పించారు. నాకేమో గట్టున కూర్చుని వాళ్ళ బట్టలకి కాపలా కాయడం నేర్పించారు! "ఆడపిల్లవి, నీళ్ళ దగ్గరికి వెళ్ళకు" అన్న మాట తప్ప, పొరపాటున వెళ్తే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. దానికి తోడు 2014 జూన్ 8 నాటి సంగతి నేనెప్పటికీ మర్చిపోలేను. హైదరాబాదు నుంచి విహారయాత్రకి వెళ్ళిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్ లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఫొటోలు తీసుకుందామని నదిలో రాళ్ళ మీదికి దిగారు పాపం. ఎగువన ఆనకట్ట నుంచి వదిలిన నీళ్ళు ఒక్కసారిగా మీద పడ్డాయి. ఆ రోజుల్లో టీవీ ముందు కూర్చుని కంటతడి పెట్టని తెలుగు తల్లి లేదు. కొండల్లో నది అంటే నాకు ఇప్పటికీ ఆ పిల్లలే గుర్తొస్తారు.

అంచేత మొదటి రెండు రోజులూ ముభావంగానే ఉన్నాను.

ఋషీకేశ్ నుంచి శివపురికి

హరిద్వార్ నుంచి ఋషీకేశ్ సుమారు 25 కిలోమీటర్లు. అక్కడ మన తిరుమల తిరుపతి దేవస్థానం వారి ఆంధ్ర ఆశ్రమం ఉంది. వెంకన్న దర్శనం చేసుకుని, నాలుగు తెలుగు మాటలు చెవిన పడ్డాక ప్రాణం కాస్త కుదుటపడింది. అక్కణ్ణించి బదరీనాథ్ వెళ్ళే రోడ్డు మీద ఇంకో 16 కిలోమీటర్లు పైకి వెళ్తే శివపురి. మా బస అక్కడే.

దేవప్రయాగలో అలకనంద, భాగీరథి కలిశాక గంగ అన్న పేరు వస్తుంది కదా, ఆ గంగమ్మ కొండల మధ్య ఒదిగి ఒదిగి దిగుతూ వచ్చే దారిలోనే ఉంటుంది ఈ ఊరు. వర్షాకాలంలో బురదతో ఉండే నీళ్ళు కార్తీకానికి తేరుకుని పచ్చల పతకంలా మెరుస్తున్నాయి. దూరం నుంచి ఎంత బాగున్నాయో, వేలు పెడితే అంత చల్లన. మంచు కరిగిన నీళ్ళు మరి! మూడు మునకలు వేసేసరికి నోట సంకల్పం కూడా సరిగ్గా పలకలేదు.

నది వాలుగా, ఇరుగ్గా, రాళ్ళ మీదుగా దూకే చోట్లని రాపిడ్స్ అంటారు. వాటికి కష్టాన్ని బట్టి 1 నుంచి 6 దాకా గ్రేడులు. ఒకటంటే పిల్లకాలువ. ఆరంటే ప్రాణాల మీద ఆశ వదులుకోవాల్సిందే. మా కోడలి పరీక్ష మూడో గ్రేడులో. ఒక్కో రాపిడ్ కి ఒక్కో పేరు పెట్టారు. రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్, డబుల్ ట్రబుల్... ఒకదాని పేరు రిటర్న్ టు సెండర్! అంటే పంపినవాళ్ళకే తిప్పి పంపేయడం. "మా అబ్బాయి ఊళ్ళో లేడమ్మా, నిన్ను ఎవరికి తిప్పి పంపను?" అన్నాను. రెండు రోజుల తర్వాత ఇద్దరం మొదటిసారి నవ్వుకున్నది అప్పుడే.

వాసెన కట్టిన జాడీ

మూడో రోజు ఉండబట్టలేక నేనూ గట్టు మీదికి వెళ్ళి కూర్చున్నాను. నేర్పించే ఆయన గఢ్వాల్ మనిషి. ఈ నది ఒడ్డునే పుట్టి పెరిగాడు. నన్ను "మాతాజీ" అంటూ, నేనడిగిన ప్రతి పిచ్చి ప్రశ్నకీ ఓపిగ్గా జవాబు చెప్పాడు.

ముందు సరంజామా తనిఖీ. తలకి హెల్మెట్. ఒంటికి లైఫ్ జాకెట్. దానికి ఒక ఈల. నడుముకి స్ప్రే స్కర్టు అని రబ్బరు గుడ్డలాంటిది. అది కయాక్ మూతి చుట్టూ బిగిస్తే లోపలికి చుక్క నీరు పోదు. అచ్చం ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టే! జాడీలో మాగాయ బదులు మా కోడలు.

లైఫ్ జాకెట్ వేసుకున్నాక ఆయన దాని భుజాలు రెండూ పట్టుకుని గట్టిగా పైకి లాగాడు. అది చెవుల దాకా జారిపోతే బిగింపు చాలనట్టే. నీళ్ళలో పడ్డప్పుడు జాకెట్ తేలుతుంది, మనిషి మునుగుతాడు. "వేసుకోవడం సగం పని, బిగించుకోవడం మిగతా సగం" అన్నాడు.

ఇక పాఠం. పరీక్షకి తయారవడమంటే పెద్ద పెద్ద అలల్లో దూకడమేమో అనుకున్నాను. కాదండీ! రెండేళ్ళు నేర్చిన పిల్లచేత మళ్ళీ ఓనమాలు దిద్దించాడు. మొదటి పాఠం పడిపోవడం. పడవ బోర్లా పడితే తల నీళ్ళ కింద, కాళ్ళు పడవలో. అప్పుడు కంగారు పడకుండా ముందుకి వంగి, స్కర్టుకున్న పట్టీ లాగి, పడవని కాళ్ళ నుంచి ఒలుచుకున్నట్టు బయటికి రావాలి. అది రాకపోతే రెండో పాఠం లేదు.

రెండోది, పడవలోంచి బయటికి రాకుండానే తెడ్డుతో, నడుము విసురుతో మళ్ళీ నిటారుగా లేవడం. దీన్ని రోల్ అంటారు. ఇందులో కిటుకు ఏమిటో తెలుసా? తల అన్నిటికంటే ఆఖర్న లేవాలి. నీళ్ళలో ఉన్నవాళ్ళకి ముందు తలెత్తాలనే అనిపిస్తుంది, ఊపిరి కోసం. కానీ తల బరువైనది. అది ముందు లేస్తే పడవ మళ్ళీ బోర్లా పడుతుంది. ముందు నడుము, తర్వాత ఒళ్ళు, చివరికి తల. ఆ ఉదయం మా కోడలు ఇరవైసార్లు బోర్లా పడింది, పదిహేడుసార్లు లేచింది. నేను లెక్కపెట్టాను. మొదటి నాలుగుసార్లు కళ్ళు మూసుకున్నాను, అయిదోసారి నుంచి తెరిచే ఉంచాను.

నదిని చదవడం

మధ్యాహ్నం పడవ పక్కన పెట్టి, ఒడ్డున నడుస్తూ నదిని చదివించాడు. నది కూడా ఒక పుస్తకమేనని నాకు అప్పుడే తెలిసింది.

పెద్ద రాయి వెనక నీళ్ళు కాస్త నిలకడగా ఉంటాయి. దాన్ని ఎడ్డీ అంటారు. అది నదిలో అరుగులాంటిది, ఆగి ఊపిరి పీల్చుకునే చోటు. అక్కణ్ణించి మళ్ళీ ప్రవాహంలోకి వెళ్ళేటప్పుడు నీళ్ళు వచ్చే వైపు పడవ అంచు ఎత్తి పట్టాలి. ఎత్తకపోతే క్షణంలో తిరగబడుతుంది. ముక్కు ఏటికి ఎదురుగా కాస్త వాలుగా పెట్టి తెడ్డు వేస్తే కొట్టుకుపోకుండా అవతలి ఒడ్డు చేరొచ్చు. మా గోదావరి పడవవాళ్ళు చేసేదీ ఇదే కదా అనిపించింది. పరీక్షలో ఇవన్నీ కుడివైపుకీ, ఎడమవైపుకీ కూడా చేసి చూపించాలి.

ఇక భయపడాల్సినవి మూడు. ఒకటి, రాయి మీంచి దూకిన నీరు కింద వెనక్కి తిరిగే చోటు. కవ్వం దగ్గర వెన్న తిరిగినట్టు అక్కడ పడ్డది అక్కడే తిరుగుతుంది. రెండు, నదిలో కూలిన చెట్టు. టీ వడకట్టే జల్లెడ లాంటిదది. నీళ్ళు పోతాయి, పిప్పి ఆగుతుంది. ఆ పిప్పి మనమే! మూడోది వింటే ఆశ్చర్యపోతారు. నిలబడటం. ప్రవాహంలో పడ్డవాళ్ళు కాళ్ళకి నేల తగిలింది కదా అని నిలబడబోతారు. పాదం రాళ్ళ సందులో ఇరుక్కుంటే, వెనకనుంచి తోసే నీళ్ళు మనిషిని ముందుకి వంచేస్తాయి. లోతు మోకాలు దాటిన చోటైనా చాలు, ప్రాణం తీయడానికి. అందుకని వెల్లకిలా పడుకుని, పాదాలు నీటి పైకి కనబడేలా దిగువ వైపుకి చాచి, చేతులతో నెమ్మదిగా ఒడ్డుకి జరగాలి. ఒడ్డు చేరి నీళ్ళు నిలకడగా ఉన్నాకే లేవాలి.

సైగలు కూడా నేర్చుకున్నాను. తెడ్డు నిలువుగా ఎత్తితే రమ్మని, అడ్డంగా పడితే ఆగమని. అరచెయ్యి నెత్తిన పెట్టుకుంటే క్షేమమని. ఈల ఒకసారి ఊదితే ఇటు చూడమని, మూడుసార్లు ఊదితే ఆపదని. ఇంకో నియమం నాకెంతో నచ్చింది. చెయ్యి ఎప్పుడూ వెళ్ళాల్సిన దారి వైపే చూపించాలి, ప్రమాదం వైపు చూపించకూడదు. హోరులో మాట వినబడదు కాబట్టి, చూపించిన వైపుకే వచ్చేస్తారట. నన్ను పెంచినవాళ్ళు ఎప్పుడూ ప్రమాదం వైపే వేలు చూపించారు కదా అనిపించింది.

నేను విసిరిన తాడు

అయిదో రోజున ఆయన నా చేతికి ఒక గుడ్డ సంచి ఇచ్చాడు. లోపల సుమారు 20 మీటర్ల తాడు. దీన్ని త్రో బ్యాగ్ అంటారు. తాడు కొస ఒకటి మన చేతిలో, రెండో కొస సంచి అడుగున. ముందు "తాడు!" అని గట్టిగా కేకెయ్యాలి. పడ్డ మనిషి మన వైపు చూశాక సంచిని కిందనుంచి పైకి ఊపి విసరాలి. తాడు ఆ మనిషి మీద అడ్డంగా పడాలి. పట్టుకున్నవాళ్ళు వెల్లకిలా తిరిగి తాడుని భుజం మీద వేసుకోవాలి. ఎవరూ చేతికి మాత్రం చుట్టుకోకూడదు. నది లాగితే విడిపించుకోలేం.

మొదటిసారి విసిరితే సంచి నా కాళ్ళ దగ్గరే పడింది. రెండోది చెట్టు కొమ్మకి. ఆరోది మా కోడలి భుజం మీద పడింది! అది పట్టుకోగానే తాడు బరువెక్కింది. కూర్చుని కాళ్ళు రాయికి తన్నిపెట్టి బిగబట్టాను. ఒడ్డుకి కొట్టుకొచ్చి, వణుకుతూ, నవ్వుతూ "అత్తయ్యా, నన్ను రక్షించారు" అంది. ఉత్తుత్తి ఆటే, అయినా నా చేతులు చాలాసేపు వణికాయి. తాడుని మళ్ళీ సంచిలో పెట్టడం కూడా నేర్చుకున్నాను. ఉండలా చుట్టకూడదు, కొద్దికొద్దిగా కుక్కాలి. చుట్టిన తాడు అవసరానికి చిక్కుపడుతుంది.

పరీక్షలో అడిగే వరస కూడా ఇదే. ముందు కేకేసి ధైర్యం చెప్పాలి. అందితే కర్రో తెడ్డో చాపాలి. అందకపోతే తాడు విసరాలి. తర్వాతే పడవలో వెళ్ళడం. నీళ్ళలోకి దూకడం అన్నిటికంటే చివర, అదీ శిక్షణ ఉన్నవాళ్ళకే. 2020 ఆగస్టులో తమిళనాడులోని పెరంబలూరు జిల్లాలో ముగ్గురు ఆడవాళ్ళు ఒంటి మీది చీరలు విప్పి విసిరి, మునిగిపోతున్న ఇద్దరు కుర్రాళ్ళని బయటికి లాగారు. వాళ్ళకి ఏ సర్టిఫికెట్టూ లేదు. వరస మాత్రం తెలుసు!

మునిగిన ప్రమిద

పరీక్ష ముందురోజు సాయంత్రం ఒడ్డున దీపం పెడదామని నీళ్ళ అంచున ఒక చదును రాయి చూసుకున్నాను. "అత్తయ్యా, ఇంకాస్త పైన పెట్టండి. ఎగువన టెహ్రీ ఆనకట్ట దగ్గర కరెంటు కోసం నీళ్ళు వదిలితే ఇక్కడ మట్టం పెరుగుతుంది" అంది కోడలు. నీళ్ళకి జానెడు పైన ఉన్న ఇంకో రాయి మీద పెట్టి దణ్ణం పెట్టుకున్నాను.

తెల్లారి వెళ్ళి చూస్తే రాయీ లేదు, ప్రమిదా లేదు. నీళ్ళు దాని మీదుగా పోతున్నాయి. మా కోడలు ఏమీ మాట్లాడకుండా ఆ చోటునే చూస్తూ నిలబడింది.

పరీక్ష చేసే ఆయన వేరే మనిషి, నవ్వడు. ఉదయమంతా పడవ విన్యాసాలు చేయించాడు. నీళ్ళలో పడేసి ఈదించాడు. తాడు విసిరించాడు. చలికి ఒళ్ళు కొయ్యబారి, మాట తడబడుతున్నవాళ్ళకి ఏం చెయ్యాలని అడిగాడు. తడి బట్టలు తీసేసి, పొడి దుప్పటి కప్పి, స్పృహలో ఉంటే వేడిగా, తియ్యగా తాగడానికివ్వాలని చెప్పింది. అన్నీ బాగానే జరిగాయి. ఆఖర్న ఒక మలుపు దగ్గర పెద్ద రాపిడ్ వచ్చింది. నాలుగు రోజులుగా తను అవలీలగా దిగుతున్నదే. నేను, తోటివాళ్ళు ఒడ్డున ఉన్నాం.

కోడలు పడవ గట్టుకి చేర్చి, పైకెక్కి చాలాసేపు చూసింది. ఆ తర్వాత పడవ భుజానికెత్తుకుంది. "ఇది నేను దిగను. నడిచి వెళ్తాను" అంది.

నా గుండె ఝల్లుమంది. విచిత్రం చూడండి. పది రోజుల కిందట "దిగకు తల్లీ" అని కాళ్ళు పట్టుకునేదాన్ని. ఇప్పుడు "అయ్యో, ఇంత కష్టపడి చివర్న తప్పుతుందే" అని నా బాధ!

ఎందుకని ఆయన అడిగాడు. "రాత్రి నుంచి నీళ్ళు జానెడు పైనే పెరిగాయి. మధ్యలో ఆగడానికి ఉన్న ఎడ్డీ కనబడటం లేదు. కింద తాడు పట్టుకుని నిలబడే రాయి మునిగిపోయింది. నేను పడితే తీసేవాళ్ళకి చోటు లేదు" అని చెప్పింది. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని ముందుకి నడిచాడు. మనిషి ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.

సాయంత్రం సర్టిఫికెట్ ఇస్తూ అప్పుడు చెప్పాడు. "దిగడం చాలామందికి వస్తుంది. ఈరోజు దిగకూడదని చెప్పగలరా లేదా అన్నదే నేను చూసేది." ఆ మాట వినగానే నాకు మళ్ళీ బియాస్ పిల్లలే గుర్తొచ్చారు. నీళ్ళు ఎలా పెరుగుతాయో, ఎక్కడ నిలబడకూడదో ఆ పిల్లలకి ముందుగా చెప్పేవాళ్ళు ఒక్కరైనా ఉంటే ఎంత బాగుండేది!

తిరుగు ప్రయాణంలో కోడలు "వచ్చే ఏడాది కూడా వస్తారా అత్తయ్యా?" అంది. "ముందు నాకు ఈత నేర్పించు" అన్నాను. ప్రస్తుతం మా ఊరి స్విమ్మింగ్ పూల్ లో ఆడవాళ్ళకి కేటాయించిన వేళల్లో నేర్చుకుంటున్నాను. మొహం నీళ్ళలో పెట్టి ఊపిరి వదలడం దాకా వచ్చింది.

వెళ్ళాలనుకునేవారికి

* గంగలో పడవల కాలం సెప్టెంబరు చివరి నుంచి జూన్ దాకా. వర్షాకాలంలో ఆపేస్తారు. విమానంలో అయితే డెహ్రాడూన్ దగ్గరి జాలీ గ్రాంట్ లో దిగాలి.

* కయాక్ అందరికీ కాదు గానీ, గైడు తోడుండే రబ్బరు రాఫ్ట్ ఎక్కి చూడొచ్చు. శివపురి నుంచి ఋషీకేశ్ దాకా 16 కిలోమీటర్లు. భయపడేవారు ఇంకా కింద ఉన్న బ్రహ్మపురి నుంచి బయల్దేరవచ్చు. గుండె జబ్బు, బీపీ ఉన్నవారు, గర్భిణులు మానుకోవాలి.

* చీర, జీన్స్ వద్దు. తొందరగా ఆరే సల్వార్ కమీజ్, వెనక పట్టీ ఉన్న చెప్పులు మేలు. కళ్ళజోడుకి తాడు కట్టుకోండి. గాజులు, గొలుసులు గదిలో ఉంచి, మంగళసూత్రం జాకెట్ లోపలికి దోపుకోండి.

* పాపికొండల బోటెక్కినా సరే, లైఫ్ జాకెట్ వేసుకుని భుజాల దగ్గర ఎవరిచేతనైనా పైకి లాగించి చూసుకోండి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదం మనకి తెలిసిందే. జాకెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే లాభం లేదు.

* ఘాట్లలో గొలుసు పట్టుకునే మునగండి. ఆనకట్టకి దిగువన ఉన్న నదిలో, నీళ్ళు తక్కువగా ఉన్నా, ఫొటోల కోసం రాళ్ళ మీదికి దిగకండి, పిల్లల్ని దిగనివ్వకండి.

* దారిలోకి వేరుశనగ ఉండలు: 2 కప్పుల వేరుశనగ గుళ్ళు, అరకప్పు నువ్వులు దోరగా వేయించాలి. పొట్టు తీసి, కప్పుంపావు బెల్లం తురుము, కాస్త ఏలకుల పొడి కలిపి నూనె ఊరేదాకా బరకగా దంచి ఉండలు కట్టాలి. వారం రోజులు నిలవుంటాయి. చల్లటి నీళ్ళలోంచి వణుకుతూ వచ్చినవాళ్ళకి ఒక ఉండ, ఒక గ్లాసు వేడి టీ ఇస్తే ప్రాణం లేచొస్తుంది. నవ్వని ఆ పరీక్షాధికారి కూడా రెండు అడిగి మరీ తిన్నాడు.